రెండో గేరు పట్టుకునే మనిషి

ఆ ట్రక్కుకి గేరు లివరు కింద, కాళ్ళ దగ్గర ఉండదు. స్టీరింగు చక్రానికి కాస్త దిగువన, చక్రాన్ని మోసే గొట్టానికి పక్క నుంచి పొడుచుకొచ్చి ఉంటుంది. అలాంటి బళ్ళని ఇప్పుడు పనికి వాడేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు కొత్త రంగు వేయించి, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఈ మొగుడూ పెళ్ళాలు మాత్రం దాంతో ఇంకా ఇళ్ళ సామాను మోస్తున్నారు. మంచాలు, బీరువాలు, కుట్టుమిషన్లు, ఎవరికీ అక్కర్లేకపోయినా ఎవరూ పారేయని పాత పెట్టెలు. ఎగువ పేటలో ఎక్కించుకోవడం, మలుపుల రోడ్డు మీదుగా దిగి దిగువ పేటలో దించడం. అదే వాళ్ళ బతుకు.

ఆ లివరు వదులు. ఇంజను మొదలైతే చాలు, టకటకమంటూ అదీ మొదలెడుతుంది. బండి సందు తిరగకముందే ఆ చప్పుడు విని హమాలీలు ఒళ్ళు విరుచుకుని లేచేవాళ్ళు. చప్పుడుతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా రెండో గేరుతో. దిగుడులో ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచాలంటే రెండో గేరులోనే దిగాలి. ఆ గేరేమో ఉన్నట్టుండి ఊడిపోతుంది. బ్రేకులున్నాయి కదా అని ఎవరైనా అనొచ్చు. నిండు బండితో ఆ మలుపుల్లో బ్రేకునే నమ్ముకుంటే సగం దారికే డ్రమ్ములు కాలిపోయి, తొక్కినా తొక్కనట్టే అయిపోతుంది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలా ఊడింది. ఆమె సరదాకి మొగుడి పక్కన కూర్చుంది. గేరు ఊడగానే ఆయన కెవ్వుమన్నాడు. ఆమె మాత్రం ముందూ వెనకా చూడకుండా లివరుని రెండు చేతులా పట్టుకుని పైకి నెట్టింది. బండి రోడ్డు పక్క మట్టికట్టని ఒరుసుకుంటూ పోయి ఆగింది. గేరు పడి ఆగిందో, కట్టే ఆపిందో ఎవరికీ తెలియదు. నువ్వే ఆపావన్నాడు ఆయన. ఆ మర్నాటి నుంచి ఆమె చోటు ఖాయమైపోయింది. దిగుడు మొదలవగానే కుడిచేత్తో లివరుని పైకి ఎత్తిపట్టాలి, కింద చదును వచ్చేదాకా వదలకూడదు. మలుపు మలుపుకీ ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "పట్టుకున్నావా?" అంటాడు. "పట్టుకున్నా" అంటుంది ఈమె. హమాలీలు ఆమెకి గేరక్క అని పేరు పెట్టారు. ఆయన్ని ఓనరు అంటారు. అందులో సగం వెటకారమే.

ఓనరు పిరికివాడు. ఈ మాట దాచి ప్రయోజనం లేదు. మనిషి మంచివాడే, బరువులెత్తడంలో హమాలీలతో సమానంగా భుజం పడతాడు. కానీ ఆ దిగుడంటే ఆయనకి పై ప్రాణాలు పైనే పోతాయి. గేరక్క కూతుర్ని కని ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన బండిని కిందకి దించనేలేదు. అడిగినవాళ్ళకి ఇంజనులో ఏదో తేడా ఉందని చెప్పుకు తిరిగాడు. ఆయన ధైర్యం అంతా ఆమె కుడిచేతిలో ఉండేది.

ఇప్పుడు ఆ కుడిచెయ్యే తిమ్మిరెక్కడం మొదలైంది.

మొదట మంచినీళ్ళ గ్లాసు జారింది. చెయ్యి తడిగా ఉందనుకుంది. తర్వాత సూదిలో దారం ఎక్కలేదు. కళ్ళు మందగించాయనుకుంది. ఆ తర్వాత పొద్దున లేచేసరికి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి. విదిలిస్తే కాసేపటికి ప్రాణం వచ్చేది. ఇక సాకులేమీ మిగల్లేదు. మొన్నటికి మొన్న దిగుడులో, పుస్తకాల బీరువాలతో బండి నిండుగా ఉండగా, లివరు ఆమె చేతిలోంచి కిందకి జారింది. జారడం కళ్ళకి కనిపించింది గానీ వేళ్ళకి తెలియలేదు. గబుక్కున ఎడమచెయ్యి అడ్డం పెట్టి పైకి నెట్టింది. "పట్టుకున్నావా?" అన్నాడాయన మామూలుగానే. "పట్టుకున్నా" అంది. ఇంటికొచ్చాక వంటింట్లో కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

చెప్పేస్తే సరిపోయేది కదా అంటే, చెప్పడానికి వీల్లేని కారణం ఒకటుంది. వాళ్ళ కూతురు.

అమ్మాయి దిగువ పేటలో ఒక కుట్టు షాపులో పనిచేస్తోంది. ఈమధ్యే అక్కడి పెద్దావిడ కత్తెర ఆమె చేతికిచ్చి, ఖరీదైన బట్టలు కూడా కత్తిరించనిస్తోంది. దాని సంబరం చూడాలి. కానీ అమ్మాయికి ఆ ట్రక్కన్నా పిచ్చే. భయం అనేది ఆ పిల్ల ఒంట్లో లేదు, తన వాటా కూడా తండ్రికే ఇచ్చేసినట్టుంది. ఒకరోజు తల్లి చెయ్యి విదిలించుకోవడం చూసి ఓనరు, "నీకు ఓపిక తగ్గితే చెప్పు. అమ్మాయి ఉందిగా, షాపు మాన్పించి కూర్చోబెడదాం. దాని చేతిలో బలం ఉంది" అన్నాడు. అమ్మాయి వెంటనే, "నేనొస్తా నాన్నా, రేపే మానేస్తా" అంది, ఏ షికారుకో పిలిచినట్టు.

ఆ సీటు ఎలాంటిదో గేరక్కకి తెలుసు. అద్దంలోంచి ఎదురుగా వచ్చే లోయా, కాళ్ళ కింద వణికే రేకూ, చేతిలో ఎప్పుడు జారుతుందో తెలియని ఇనప ముక్కా తెలుసు. తను పోతే పోనీ అనుకుంది. అమ్మాయి ఆ సీట్లో కూర్చుంటే మాత్రం తను ఇంట్లో ఎలా ఊపిరి పీల్చుకుంటుంది?

అందుకని లివరు బాగుచేయిద్దామంది. ఓనరు ఒంటికాలి మీద లేచాడు.

"మా నాన్న ఏం చెప్పారో మర్చిపోయావా? ఆ గొట్టం విప్పారంటే రెండు గేర్లు ఒకేసారి పడి బండి బిగుసుకుపోతుందని చెప్పలా? ఇన్నాళ్ళు లేని రిపేరు ఇప్పుడెందుకు?"

"చప్పుడండీ."

"చప్పుడు మనకి కొత్తా?"

గేరక్క తేలిగ్గా అబద్ధాలాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. "మనకి కాదు. ఆ అద్దాల షాపాయన వేరే బండి మాట్లాడుకుంటున్నాట్ట. మన బండి చప్పుడు వింటే ఆయన అద్దాలకే జ్వరం వస్తోందిట."

దిగుడు తర్వాత ఓనరుకి అంత భయం బేరం పోవడమంటేనే. చివరికి ఆయన, "చప్పుడొక్కటే ఆపమని చెప్దాం. ఇంకేం కెలకొద్దని చెప్పు" అన్నాడు.

బళ్ళు బాగుచేసే మేస్త్రీ షెడ్డు రేకులది. లోపల నేలంతా ఏళ్ళ తరబడి కారిన నూనెతో నల్లగా గట్టిపడిపోయింది. గోడకి మేకులు కొట్టి స్పానర్లు వరసగా తగిలించాడు. మేస్త్రీ తక్కువ మాట్లాడే మనిషి. లివరు కొసని రెండు వేళ్ళతో పట్టుకుని ఆడించాడు. పైకీ కిందకీ బెత్తెడు ఆడింది. నాలుక చప్పరించాడు. సుత్తి తీసుకునేసరికి ఓనరు "నేనలా బయట ఉంటా" అని వెళ్ళి, కాన్పు గది ముందు మొగుడిలా షెడ్డు గుమ్మంలో అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు.

గేరక్క కదల్లేదు. లివరుని గొట్టానికి పట్టి ఉంచే పిన్ను మీద మేస్త్రీ సన్నటి మేకు ఆనించి, చిన్నచిన్న దెబ్బలతో దాన్ని బయటికి నెట్టాడు. లివరు ఊడి చేతికొచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. పిన్ను దూరే కన్నం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా సాగిపోయింది.

"అక్కా, దీన్ని ఎవరు పట్టుకుని వేలాడుతున్నారు?"

"అంటే?"

"మామూలుగా అరిగితే చుట్టూ సమానంగా అరుగుతుంది. ఇది ఒక్కవైపే తినేసింది. ఎవరో దీన్ని ఎప్పుడూ పైకి నొక్కి పెడుతున్నారు."

"నేనే పట్టుకుంటా తమ్ముడూ. దిగుడులో గేరు ఊడకుండా."

మేస్త్రీ బండి కిందకి దూరాడు. కిందనుంచి, లివరుని గేర్‌బాక్సుతో కలిపే రాడ్లు కదిపిన చప్పుడు వచ్చింది. చాలాసేపటికి బయటికొచ్చి, రాడ్ల కీళ్ళలోంచి నల్లగా పొడిలా రాలిపోయిన రబ్బరు బుష్షుల్ని అరచేతిలో చూపించాడు.

"గేరు మొదట ఊడింది వీటివల్ల. రాడ్లు వదులై గేరు పూర్తిగా పడేది కాదు. ఇవి మారిస్తే అప్పుడే అయిపోయేది. మీరు లివరు పట్టుకున్నారు. లివరు వదులుగా ఉన్నప్పుడు పైన ఎంత పట్టుకుంటే ఏంటక్కా, ఆ బలం కిందదాకా వెళ్ళదు. కన్నం అరిగింది, అరిగేకొద్దీ ఇంకా వదులైంది, మీరు ఇంకా గట్టిగా పట్టుకున్నారు."

"అంటే నేను ఆపింది ఏమీ లేదా?"

"ఒక్కోసారి ఆపే ఉంటారు. ఎక్కువసార్లు దానంతటదే ఆగి ఉంటుంది." అని ఆగి, కాస్త మెల్లగా అన్నాడు, "ఏమనుకోకండి. మీరు పట్టుకోబట్టే ఇంత పాడైంది."

గేరక్క మూలనున్న టైరు మీద కూర్చుండిపోయింది. దిగిన దిగుళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. వాన పడినవి, పొగమంచు కమ్మినవి, పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని దిగినవి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాననుకుంది. ఆ అరచేతి కింద ఏమీ లేదన్నమాట. అప్పుడు పడాల్సిన భయమంతా ఒక్కసారిగా ఇప్పుడు వచ్చి మీద పడింది. ఏడవాలనిపించింది, కానీ గుమ్మంలో ఆయన ఉన్నాడు.

మేస్త్రీ సాగిన కన్నాన్ని గుండ్రంగా తొలిచి, పక్క వీధిలో లేతు మిషను మీద తిప్పించి తెచ్చిన ఇత్తడి బుష్షు అందులో బిగించాడు. కొత్త పిన్ను, దాని వెనక లివరుని ఆడకుండా నొక్కిపట్టే కొత్త స్ప్రింగు వేశాడు. కింద రాడ్లకి కొత్త బుష్షులు, కొత్త కాటర్ పిన్నులు వేసి, పొడవు సరిచూసి బిగించాడు. తర్వాత ఎక్కి కూర్చుని గేర్లు ఒక్కొక్కటే వేశాడు. లివరు ఎక్కడ పెడితే అక్కడ నిలబడింది, చప్పుడు లేదు.

దిగాక ఆమె ఒక్కదానికే వినబడేలా చెప్పాడు. "ఇక దీనిమీద చెయ్యి వెయ్యకండి. వేశారా, మళ్ళీ ఇదే కథ. ఇంకో మాట. మీరిన్నాళ్ళు నొక్కిన నొక్కుడుకి లోపల గేర్‌బాక్సులో గేరుని కదిపే ఫోర్కు ఎంత అరిగిందో విప్పితే గానీ తెలీదు. నిలబడాలి మరి. నిలబడుతుందనే అనుకుంటున్నా. ఇవన్నీ ఓనరుకి చెప్పండి."

"చెప్తాలే" అంది గేరక్క. 'అనుకుంటున్నా' అనే మాట ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఓనరుకి చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో ఆమెకి అద్దంలో చూసినట్టు తెలుసు. ఆమె పట్టుకోవడం లేదని తెలిస్తే ఆయన పైనుంచి కిందదాకా బ్రేకు మీద కాలు తియ్యడు. డ్రమ్ములు కాలిపోతాయి. ఇక ఫోర్కు నిలబడ్డా నిలబడకపోయినా ఒకటే.

మర్నాడు పొద్దున్నే ఎగువ పేటలో ఒక పెద్ద ఇల్లు ఖాళీ చేయిస్తున్నారు. ఒక ట్రిప్పుకి సరిపోయే సామాను కాదు. మొదటి లోడు ఎక్కించి, తాళ్ళు బిగించి, హమాలీల్ని రెండో లోడు సర్దమని అక్కడే వదిలి, ఇద్దరూ బయల్దేరారు. దిగుడు అంచుకి రాగానే ఆయన రెండో గేరు వేశాడు. "చప్పుడు లేకపోతే గేరు పడిందో లేదో కూడా తెలీడం లేదు" అని గొణిగాడు. గేరక్క కుడిచెయ్యి చాపింది. లివరు కింద, దానికి తగలకుండా, గాల్లో పెట్టి ఉంచింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

బండి దిగుతోంది. ఇన్నాళ్ళూ టకటకల కింద మునిగిపోయిన చప్పుళ్ళన్నీ పైకి తేలాయి. వెనక మంచం కోళ్ళు కిర్రుమంటున్నాయి, ఇంజను మూలుగుతోంది, ఎక్కడో చిన్నగా ఏదో టిక్కుమంది. అది ఫోర్కేనా? పట్టుకోవడం అలవాటైన చేతికి పట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకి అప్పుడే తెలిసింది. వేళ్ళు వాటంతటవే మూసుకోబోతున్నాయి. పెద్ద మలుపులో సామాను బరువంతా ముందుకి తోసింది. లివరు సన్నగా వణికింది. ఇప్పుడు జారుతుంది, ఇప్పుడే, అనుకుంది. జారలేదు. మళ్ళీ వణికింది, మళ్ళీ నిలబడింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండీ. మీరు రోడ్డు చూడండి."

కింద చదును వచ్చింది. దిగువ పేట హమాలీలు సామాను దించారు. ఓనరు హుషారుగా బానెట్టు మీద తట్టి, "బాగానే చేశాడు మేస్త్రీ. నువ్వూ ఇవాళ గట్టిగా పట్టుకున్నావు, వెంట్రుకవాసి కదల్లేదు" అన్నాడు.

అప్పుడు చెప్పేసింది. చెయ్యి తిమ్మిరి సంగతీ, మేస్త్రీ అన్నదీ, గాల్లో పెట్టిన చేతి సంగతీ. భారం దిగిపోతుందనుకుంది. పట్టుకోకపోయినా గేరు నిలబడిందని విని ఆయన సంతోషిస్తాడనుకుంది.

ఓనరు సంతోషించలేదు. విన్నంతసేపూ మొహంలో రక్తం ఇంకిపోతూ వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. ఆమె చెప్పినదాంట్లో ఆయనకి ఒక్క ముక్కే వినిపించింది. లివరు మీద చెయ్యి లేదు.

"నన్ను చంపేసేదానివి కదే" అన్నాడు.

"చావలేదు కదా. పట్టుకోనక్కర్లేదనే చెప్తున్నా."

ఆయన వినిపించుకోలేదు. లేచి, వీధి చివరికి నడిచి, కుట్టు షాపు వైపు తిరిగాడు. ఆమెకి అర్థమయ్యేలోగానే అమ్మాయిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అమ్మాయి మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది.

"రెండో లోడుకి ఇది కూర్చుంటుంది. చెప్పొచ్చాను షాపులో, ఇక రాదని."

"నువ్వు రెస్టు తీసుకోమ్మా" అంది అమ్మాయి నవ్వుతూ. అప్పటికే ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది.

దేనికి భయపడి ఇంత చేసిందో అది కళ్ళెదుటే జరిగిపోతోంది. నిజం చెప్పి తన చేతులతో తనే కూతుర్ని ఆ సీట్లోకి ఎక్కించినట్టయింది. గేరక్క బండి ముందుకి వెళ్ళి, ముందు చక్రానికి వీపు ఆనించి, రోడ్డు మీద చతికిలబడింది.

"ఏంటది? లే, అందరూ చూస్తున్నారు" అన్నాడు ఓనరు.

"చూడనీండి. అది దిగితే లేస్తా."

"దానికేం భయం లేదు."

"అందుకే దిగమంటున్నా. దానికి భయం లేదు. పట్టుకోమంటే నవ్వుతూ పట్టుకుంటుంది, నాలాగే పాతికేళ్ళు పట్టుకుంటుంది, నాలాగే చెయ్యి పోగొట్టుకుంటుంది. అప్పటికీ ఆ లివరు కింద ఏమీ ఉండదు. నేను చచ్చినా లేవను."

ఆ గొంతు అమ్మాయి ఎప్పుడూ వినలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. మెల్లగా కాలు దించి, తల్లి పక్కన వచ్చి నిలబడింది. ఓనరు ఇద్దర్నీ చూశాడు. ఎండలో బండి ఖాళీగా నిలబడి ఉంది, ఎగువ పేటలో హమాలీలు సగం ఇంటితో ఎదురుచూస్తున్నారు.

"నువ్వు పట్టుకోక, దాన్ని పట్టుకోనివ్వక, మరి నేనెలా దిగను?"

"నేను పక్కన కూర్చుంటా. అంతే."

అమ్మాయిని దిగువ పేటలోనే వదిలి ఇద్దరూ పైకి వెళ్ళారు. లోడెక్కింది. ఈసారి బీరువాలు, ఇనప మంచాలు, మొదటి ట్రిప్పుకన్నా బరువు. దిగుడు అంచున ఓనరు బండి ఆపాడు.

"నాకు భయంగా ఉంది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోటితో అనడం అదే మొదలు.

"నాక్కూడా."

ఆమె చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆయన రెండో గేరు వేసి, క్లచ్చు వదిలాడు. బండి ముందుకి ఒరిగింది. మొదటి మలుపులో "పట్టుకున్నావా" అని నోటిదాకా వచ్చి, సగంలో మింగేశాడు. బ్రేకు మీద కాలు పెట్టబోతే ఆమె "వద్దు, ఇంజను చూసుకుంటుంది" అంది. గట్టిగా అందామనుకుంది గానీ గొంతు కీచుగా వచ్చింది. పెద్ద మలుపు దగ్గర లివరు మళ్ళీ వణికింది. ఇద్దరూ చూశారు. ఆయన ఎడమచెయ్యి స్టీరింగు వదిలి లివరు మీదకి వెళ్ళింది. గేరక్క తొడ కిందనుంచి చెయ్యి తీసి, ఆయన చేతిని పట్టుకుని, తీసుకెళ్ళి మళ్ళీ స్టీరింగు మీద పెట్టింది. మలుపు తిరిగేదాకా ఆ చేతిని అక్కడే నొక్కి ఉంచింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. లివరు వణుకుతూనే ఉంది, ఊడలేదు.

చదును మీదకి రాగానే బండిని పక్కకి తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు. తర్వాత చొక్కా భుజంతో మొహం తుడుచుకున్నాడు.

"నేను సామాను దగ్గరుంటా. నువ్వు షాపుకెళ్ళు" అన్నాడు. "నేను తొందరపడ్డానని చెప్పు. అమ్మాయి చోటు ఇంకెవరికీ ఇవ్వొద్దని అడుగు."